చెల్లి పెళ్ళికి మళ్ళీ బాప్తిస్మం అడుగుతున్నారు, భాషలు కూడా రావాలంట

వంతెన ఇవతల:

అందరికీ వందనాలు. వాదన పెట్టుకోడానికి రాయట్లేదు, నిజంగానే ఏం చేయాలో తోచక రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది పాలకొల్లుకీ నర్సాపురానికీ మధ్యలో ఒక ఊరు. తాతగారి నాటి నుంచీ బ్రదరన్ సంఘం. ఆదివారం రొట్టె విరుచుట (ప్రభువు బల్ల), ఆడవాళ్ళకి ముసుగు, చప్పట్లు లేవు, ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి గట్టిగా హల్లెలూయ అంటే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు, అలాంటి మందిరం మాది. చెల్లి ఆరేళ్ళ క్రితం కాలవలో బాప్తిస్మం తీసుకుంది, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో. నర్సు, భీమవరంలో ఉద్యోగం. ఒక సంబంధం వచ్చింది, చించినాడ వంతెన దాటి రాజోలు వైపు. అబ్బాయి మంచివాడు, కట్నం మాట ఎత్తలేదు (ఎత్తలేదని అమ్మ ఇప్పటికి పదిమందికి చెప్పింది), ప్రధానానికి (నిశ్చితార్థానికి) తారీఖు కూడా అనుకున్నాం.

పోయిన వారం అబ్బాయి వాళ్ళ నాన్న, బాబాయి, వాళ్ళ పాస్టర్ గారు మా ఇంటికి వచ్చారు. వాళ్ళది పెంతెకొస్తు అని తెలుసు గానీ అందులో యేసు నామం వాళ్ళని, అంటే తండ్రీ కుమారుడూ ఆత్మా అంతా యేసు ఒక్కడే అనేవాళ్ళని, మాకు తెలీదు. చెల్లి టీ తీసుకొస్తే ఆ పాస్టర్ గారు కప్పు అందుకోకుండానే "సిస్టర్, మీరు విశ్వసించినప్పుడు పరిశుద్ధాత్మను పొందితిరా?" అని అడిగారు. అచ్చంగా అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయంలో పౌలు అడిగినట్టే, అదే గ్రాంథికంలో. చెల్లి ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తర్వాత విషయం బయటికొచ్చింది. పెళ్ళికి ముందే అమ్మాయి యేసు నామంలో మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలి, ఉపవాస కూటాల్లో కనిపెట్టి (ఆత్మ కోసం ఎదురుచూసి) ప్రార్థన చేసి అన్యభాషలు, అంటే ఆత్మ పలికిస్తే వచ్చే తెలియని భాషలు, పొందాలి, అప్పుడే వాళ్ళ మందిరంలో పెళ్ళి. నాన్న "మా అమ్మాయేమన్నా అన్యురాలా?" అన్నాడు. వాళ్ళు అపొస్తలుల కార్యాలు 2:38 (యేసుక్రీస్తు నామమున బాప్తిస్మం) తీశారు, నాన్న మత్తయి 28:19 (తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలోకి బాప్తిస్మం) తీశాడు. ఇద్దరూ బైబిల్లో వేలు పెట్టుకుని అరగంట. బజ్జీలు చల్లారిపోయాయి. అబ్బాయి బాబాయి ఊరుకోక "మీకు ముగ్గురు దేవుళ్ళు, మీ పక్కింటివాళ్ళకి మూడుకోట్లమంది, లెక్కలోనే కదా తేడా" అన్నాడు. నాన్నకి బీపీ లేచిపోయి "మీరు తండ్రినే తీసుకెళ్ళి సిలువ వేసేశారు, మీరా మాకు చెప్పేది" అన్నాడు. అంతే, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు నాన్న దుర్బోధ అంటున్నాడు, అమ్మ "నీళ్ళే కదా, ఇంకోసారి మునిగితే ఏం పోతుంది" అంటుంది, మా సంఘ పెద్దలకి తెలిస్తే రొట్టె దగ్గర కూర్చోనివ్వరేమోనని ఇంకో టెన్షన్. నా ప్రశ్నలివి. రెండోసారి మునిగితే మొదటిది అబద్ధమని ఒప్పుకున్నట్టేనా? యేసు నామం వాళ్ళు అసలు మనవాళ్ళేనా, వేరే మతమా? భాషలు రాకపోతే ఆత్మ లేనట్టా?

ఈ మూడోది నాది కాదు, చెల్లిది. అందరూ పడుకున్నాక వచ్చి అడిగింది, "అన్నయ్యా, నాకు ఆత్మ లేదా?" అని. నేనేం చెప్పలేకపోయాను.

రాజమండ్రి మేష్టారు:

బాబూ, నేను లూథరన్ వాడిని, బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైర్ అయ్యాను, కాబట్టి కొంచెం చరిత్ర వస్తుంది, భరించాలి.

మీ నాన్నగారు అన్న "తండ్రిని సిలువ వేశారు" అనే మాట ఉంది చూశారూ, అది దాదాపు 1800 ఏళ్ళ నాటిది. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్ అనే ఊళ్ళో తెర్తుల్లియన్ అనే ఆయన ప్రక్సెయస్ అనే బోధకుడి మీద మోపిన నేరం ఇది. తండ్రీ కుమారుడూ ఒక్కరే అయితే సిలువ మీద చచ్చిపోయింది తండ్రే అయ్యాడు కదా అని. తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒకే దేవుడు అనే బోధకి లాటిన్‌లో త్రిత్వం అనే మాటని మనకి అలవాటు చేసింది ఈ తెర్తుల్లియనే. అయితే అదే వాక్యంలో ఆయన ప్రక్సెయస్ మీద ఇంకో నేరం కూడా మోపాడు, పరిశుద్ధాత్మని తరిమేశాడని. ఎందుకంటే తెర్తుల్లియన్ అప్పటికి మోంతాను వర్గం వైపు తిరిగాడు, వాళ్ళు ప్రవచనాలు, దర్శనాలు ఇంకా వస్తున్నాయనే వాళ్ళు. అంటే త్రిత్వం అన్నవాడే ఆత్మ ఇచ్చే వరాలు కూడా కావాలన్నాడు. మీ ఇంట్లో కూర్చుని పోట్లాడుకున్న ఇద్దరిలో ఎవరి పక్కనా ఆయన కుర్చీ వేసుకోలేడు. ఈ రెండు గొడవల్నీ ఒకే మూటలో కట్టకండి అని చెప్పడానికే ఇదంతా.

ఇక త్రిత్వం 325లో నీకయ సభలో కనిపెట్టారని చాలామంది యూట్యూబ్ చూసి అంటుంటారు. అక్కడ తేల్చింది కుమారుడు సృష్టించబడినవాడా కాదా అనేది. అలెగ్జాండ్రియా పెద్ద ఆరియస్ "కుమారుడు లేని సమయం ఒకటి ఉండేది" అన్నాడు, సభ కాదంది, తండ్రితో ఏకతత్వం గలవాడు అంది. ఆత్మ గురించి వివరంగా చేర్చింది 381లో కాన్‌స్టాంటినోపుల్లో. మీ సంబంధం వాళ్ళ మాట అంతకంటే పాతది, మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరు మీద నడిచింది, ఒకే దేవుడు ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడిగా, ఒకప్పుడు ఆత్మగా కనిపిస్తాడని. ఇప్పటి వాళ్ళు అచ్చంగా అదే అంటారని నేననను, వాళ్ళనే చెప్పనివ్వండి.

నా అభిప్రాయంలో మన దగ్గర సగం గొడవ తెలుగు మాటతో వచ్చింది. "ముగ్గురు వ్యక్తులు" అంటాం. వ్యక్తి అనగానే మనకి ఆధార్ కార్డున్న మనిషి గుర్తొస్తాడు. పాత గ్రీకు మాట అర్థం అది కాదు, దానికి సరిపడే మాట మన దగ్గర లేదు, ఉన్నదాంతో సర్దుకున్నాం. అందుకే ఆ బాబాయికి ముగ్గురు దేవుళ్ళు వినపడ్డారు. పోనీ ఉపమానం చెబుదామంటే నీళ్ళు, మంచు, ఆవిరి అంటారు, అది చెప్పినవాడు తనకి తెలీకుండానే సబెల్లియస్ అయిపోతాడు. మా చిన్నప్పుడు ఒక అయ్యగారు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నిలబెట్టి "గోదారి ఒక్కటే, కిందకెళ్తే గౌతమి, వసిష్ఠ, వైనతేయ, మూడూ గోదారే" అన్నారు. నాకు భలే నచ్చింది. తర్వాత మ్యాప్ గీయిస్తుంటే తెలిసింది, వైనతేయ ఆనకట్ట దగ్గర పుట్టదు, ఇంకా కిందకొచ్చాక వసిష్ఠలోంచి చీలుతుంది! ఆత్మ తండ్రి నుంచే బయల్దేరాడా, తండ్రీ కుమారులిద్దరి నుంచా అని తూర్పు సంఘాలూ పడమటి సంఘాలూ కొట్టుకున్నాయి, 1054లో విడిపోడానికి అదొక కారణం. మా అయ్యగారు పాపం ఆ గొడవని కోనసీమలో మళ్ళీ మొదలెట్టారు.

ఇప్పుడు చేదు మాట. మీ నాన్నగారికి కోపం రావడం న్యాయమే. కానీ మా అక్క 1978లో పాలకొల్లు వైపు ఒక బ్రదరన్ ఇంటికి కోడలిగా వెళ్ళింది. పసిపిల్లగా ఉన్నప్పుడు మా మందిరంలో నీళ్ళు పోసి ఇచ్చిన బాప్తిస్మం చెల్లదన్నారు, పెళ్ళికి ముందు గోదాట్లో ముంచారు. మా నాన్నగారు కూడా సరిగ్గా "మా అమ్మాయేమన్నా అన్యురాలా?" అనే అన్నారు.

వంతెన ఇవతల:

మేష్టారూ, ఈ చివరి పేరా నాన్నకి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని అవతలికెళ్ళిపోయాడు.

కొబ్బరాకు:

కాలవలకి నీళ్ళు కట్టేశారు కదండీ, ఇప్పుడు ఎక్కడ ముంచుతారంట? మా ఊరి కాలవలో గుర్రపుడెక్క తప్ప చుక్క నీళ్ళు లేవు. ఆయ్.

రాజమండ్రి మేష్టారు:

కొబ్బరాకు గారూ, మీరు వేళాకోళానికి అన్నా దీనికి జవాబుంది! దిదాఖే అని ఒక చిన్న పాత పుస్తకం, మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో అంటారు, దాని రాతప్రతి 1873లో దొరికింది. అందులో ఏడో అధ్యాయం బాప్తిస్మం గురించే. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలోకి పారే నీళ్ళలో ఇవ్వండి, పారే నీళ్ళు లేకపోతే వేరే నీళ్ళు, చన్నీళ్ళు కుదరకపోతే వేడినీళ్ళు, అసలేమీ లేకపోతే తలమీద మూడుసార్లు పోయండి అని ఉంది. కాలవలు కట్టేసే రోజులొస్తాయని వాళ్ళకి తెలిసినట్టే రాశారు. అదే పుస్తకంలో తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి వీళ్ళనే "ప్రభువు నామంలోకి బాప్తిస్మం పొందినవాళ్ళు" అంటుంది. రెండు మాటలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, రాసినాయనకి వాటి మధ్య గొడవ కనపడలేదు.

నామమొక్కటే:

ఆ దిదాఖే బైబిల్లో లేదు మేష్టారూ. గౌరవంతోనే చెప్తున్నాను.

నేను తణుకు వైపు, యేసు నామం సంఘమే, పదిహేనేళ్ళుగా. మమ్మల్ని దుర్బోధ అనేముందు మా మాట కూడా ఒకసారి వినాలి కదా. అపొస్తలుల కార్యాల్లో 2:38, 8:16, 10:48, 19:5 చూడండి, ఏ నామంలో ఇచ్చారో చెప్పిన చోటల్లా యేసు పేరుతోనే ఉంది, తండ్రి కుమార పరిశుద్ధాత్మ అని పలికి ముంచినట్టు ఒక్కచోట చూపించండి. మరి మత్తయి 28:19 సంగతేంటి అంటారు. అక్కడ మన తెలుగు బైబిల్లో "నామములోనికి" అని ఏకవచనం ఉంది, నామములలోనికి అని లేదు. తండ్రి అనేది పేరు కాదు, కుమారుడు అనేది పేరు కాదు, మా నాన్నకి నేను కొడుకుని, నా పిల్లలకి తండ్రిని, కానీ బ్యాంకులో సంతకం పెట్టమంటే నా పేరు రాయాలి. ఆ ఒక్క నామం ఏంటో పేతురుకి అర్థమైంది, అందుకే ఎన్నో రోజులు గడవక ముందే యేసుక్రీస్తు నామమున అన్నాడు. కొలొస్సీ 2:9 కూడా చదవండి, దైవత్వం సర్వపరిపూర్ణత శరీరంగా క్రీస్తునందు ఉంది అని. మూడో వంతు కాదు, సర్వం.

మరి సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఎవరు ఎవరికి ప్రార్థన చేశారు అని అడుగుతారు, అందరూ అడుగుతారు. మేం చెప్పేది ఆయనలోని మానవత్వం దైవత్వానికి ప్రార్థించిందని. మీకు అది చాలదనిపించొచ్చు, ఒప్పుకుంటాను, నాక్కూడా మొదట్లో చాలలేదు. మీ ముగ్గురు-ఒక్కరు లెక్క నాకెప్పుడూ చాలలేదు, అదీ నిజమే.

ఇది మొన్న పుట్టిన కొత్త మతం అనేవాళ్ళకి కూడా చెప్తున్నా, 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర అరోయో సెకో కూటాల్లో ఈ మాట లేచింది, లేచింది పెంతెకొస్తు వాళ్ళలోనే. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ వాళ్ళు త్రిత్వం రాసి పెట్టుకున్నాక మావాళ్ళు బయటికి వచ్చారు. కాబట్టి అన్నదమ్ముల పాలు పంపకం లాంటిది, పరాయివాళ్ళం కాదు.

కానీ బ్రదర్, మీ ఇంట్లో జరిగింది మాత్రం నాకు నచ్చలేదు. టీ ట్రే పట్టుకున్న పిల్లని అలా అడగరు. నేను భాషల కోసం నాలుగేళ్ళు కనిపెట్టాను, ఉపవాస కూటాలు, రాత్రి ప్రార్థనలు, పక్కవాళ్ళకి వస్తుంటే ఏడ్చేవాడిని. చివరికి ఎవరూ లేనప్పుడు మా డాబా మీద వచ్చింది. నా భార్యకి ఇప్పటికీ రాలేదు, మా మందిరంలో ఎవరూ ఆమెని గెంటెయ్యలేదు. ఇక బాప్తిస్మం సంగతి, నేను మా సిద్ధాంతం నమ్మేవాడిని కాబట్టి మీ చెల్లి యేసు నామంలో తీసుకోవాలనే కోరుకుంటాను, కానీ నమ్మి తీసుకోవాలి. పెళ్ళి కోసం మునిగితే బట్టలు తడుస్తాయి, అంతే.

పెనుగొండ పిల్లోడు:

అన్నా, నేను కూడా మీలాగే బ్రదరన్ ఇంట్లో పుట్టినవాడినే, కాబట్టి మనవాళ్ళ గురించి మనమే మాట్లాడుకుందాం.

మన దగ్గర భాషలు ఆగిపోయాయని నేర్పిస్తారు. 1 కొరింథీ 13:8, "భాషలైనను నిలిచిపోవును", తర్వాత "పూర్ణమైనది వచ్చినప్పుడు" అంటే బైబిల్ పూర్తయినప్పుడు అని. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు పెద్ద అనుమానం. నిలిచిపోవును అంటే తెలుగులో రెండర్థాలు కదా. కరెంటు నిలిచిపోయింది అంటే ఆగిపోయింది. కాటన్ దొర పేరు నిలిచిపోయింది అంటే ఎప్పటికీ ఉంది. మా పక్క వీధి పెంతెకొస్తు కుర్రాడు ఆ వచనమే చూపించి "చూడరా, భాషలు నిలిచిపోతాయని ఉంది, పోవు" అనేవాడు. ఇద్దరం ఒకే వచనం పట్టుకుని దెబ్బలాడుకున్నాం. పెద్దయ్యాక తెలిసింది గ్రీకు మాటకి ఆగిపోవడమనే అర్థమని, కాబట్టి వాడు ఓడిపోయాడు. కానీ ఎప్పుడు ఆగుతాయి అన్నదాంట్లో మనమూ గెలవలేదు, ఎందుకంటే పన్నెండో వచనంలో "ముఖాముఖిగా" చూస్తామని ఉంది. పుస్తకాన్ని ముఖాముఖిగా చూడటమేంటి? అది ప్రభువు వచ్చినప్పటి మాటలా ఉంది. సూచక వరాలు (భాషలు, స్వస్థతల్లాంటివి) అపొస్తలులతో ఆగిపోయాయని 1918లో వార్‌ఫీల్డ్ అనే అమెరికా పండితుడు పెద్ద పుస్తకమే రాశాడు, కానీ ఆయన కూడా ఆ వాదనని ఈ వచనం మీద నిలబెట్టలేదు, అపొస్తలుల్ని రుజువు చేయడానికే ఆ వరాలు అన్నాడు.

ఇంకోటి, ఇది మన పెద్దలు పుల్పిట్ మీద చెప్పరు. మన సంఘాలు ఇక్కడికి ఎలా వచ్చాయి? ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1833లో మన దేశం వచ్చి తిరిగి, ఇంగ్లండ్ వెళ్ళి, 1836లో బౌడెన్ గారిని, బీర్ గారిని వెంటబెట్టుకొచ్చాడు. నర్సాపురం, పాలకొల్లు సంఘాలకి మొదలు వాళ్ళు. మనందరికీ ఈ కథ నోటికొచ్చు. అదే గ్రోవ్స్ దగ్గర నేర్చుకున్న ఇంకొకాయన తమిళనాడులో ఉన్నాడు, అరుళప్పన్ అని. జీతం తీసుకోకుండా విశ్వాసం మీద బతకడం, ఎవరైనా రొట్టె విరవొచ్చు అనడం, అన్నీ మన పద్ధతులే. 1860లో తిరునెల్వేలి వైపు ఆయన సంఘాల్లో ఉజ్జీవం వస్తే జనం భాషలతో మాట్లాడారు, ప్రవచించారు, అర్థం చెప్పారు. పెంతెకొస్తు ఉద్యమం ఊపందుకున్న లాస్ ఏంజెలెస్ అజూసా వీధి కూటాలు 1906. దానికి నలభయ్యారేళ్ళ ముందు! అంటే ఒకే గురువు శిష్యులు, గోదారి ఒడ్డున ఉన్నవాళ్ళు ఆగిపోయాయన్నారు, తామ్రపర్ణి వైపు వాళ్ళకి వచ్చేశాయి. ఇది చదివాక నేను పెంతెకొస్తులోకి వెళ్ళలేదు గానీ, ఎగతాళి చేయడం మానేశాను.

వాళ్ళకి చెప్పాల్సింది కూడా ఉంది. 14వ అధ్యాయంలో పౌలు పెట్టిన రూలు, సంఘంలో ఇద్దరు, మహా అయితే ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనం. మైకు పెట్టి అందరూ ఒక్కసారే అనడం అందులో ఎక్కడుంది? అదే అధ్యాయం చివర్లో భాషలతో మాట్లాడటాన్ని ఆటంకపరచొద్దని కూడా ఉంది, అది మనకి. ఒకే అధ్యాయంలో సగం వాళ్ళు చదవరు, సగం మనం చదవం.

త్రిత్వం విషయంలో మాత్రం నేను మీ నాన్న వైపే. యొర్దానులో కుమారుడు నీళ్ళలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగాడు, తండ్రి పైనుంచి మాట్లాడాడు. ముగ్గురూ ఒకే సమయంలో ఉన్నారు. నామమొక్కటే అన్న, బ్యాంకు సంతకం ఉపమానం బావుంది గానీ మీరు మీ నాన్నతో ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతల ఎత్తేది మీరు కాదు కదా.

నామమొక్కటే:

హహ. దీనికి జవాబుంది గానీ ఈ తమ్ముడి పెళ్ళి గొడవలో మనం వేరే థ్రెడ్ నడపొద్దు. కొత్తది పెట్టండి, వస్తాను.

కోనసీమ అక్క:

మగవాళ్ళందరూ వచనాలు పంచుకున్నారు, బావుంది. ఆ పిల్ల అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

తమ్ముడూ, నాది అమలాపురం దగ్గర, పెంతెకొస్తే, త్రిత్వం నమ్మే పెంతెకొస్తు. కేరళ నుంచి వచ్చినవాళ్ళ బోధ, 1935లో ఏలూరులో రిజిస్టర్ చేసిన సంఘం తాలూకు. నాకు భాషల వరం ఉంది, పద్దెనిమిదేళ్ళయింది. కాబట్టి వరం లేనిదాన్ని కుళ్ళుకుని చెప్తున్నానని ఎవరూ అనలేరు. మీ చెల్లికి ఇది చూపించు.

అమ్మా, 1 కొరింథీ 12:3 తియ్యి. పరిశుద్ధాత్మవలన తప్ప ఎవడును యేసు ప్రభువని చెప్పలేడని ఉంది. నువ్వు ఆరేళ్ళ కిందట కాలవలో నిలబడి చెప్పింది అదే కదా. మరి ఎవరి వల్ల చెప్పావు? అదే అధ్యాయం 30వ వచనంలో "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని అడుగుతాడు, జవాబు లేదనే. మావాళ్ళు దీనికి ఒక మెలిక చెప్తారు, అది సంఘంలో వాడే వరం గురించి, మొదట ఆత్మ దిగినప్పుడు వచ్చే గుర్తు వేరు, అది అందరికీ వస్తుంది అని. నేనూ చాలాకాలం అదే చెప్పాను. కానీ కార్యాల్లో చూస్తే ఒక పద్ధతంటూ లేదు. సమరయలో ముందు నీళ్ళు, తర్వాత చేతులుంచితే ఆత్మ. రోమా శతాధిపతి కొర్నేలి ఇంట్లో ముందు ఆత్మ దిగాడు, పేతురు వెంట వచ్చినవాళ్ళు తెల్లబోయారు, ఆ తర్వాతే పేతురు నీళ్ళ బాప్తిస్మం ఇమ్మన్నాడు. దేవుడే వరస మార్చుకుంటుంటే మనం ఫారం నింపమంటాం.

నీకు చెప్పాల్సింది ఇంకోటుంది, ఇది నేను కళ్ళారా చూసింది. పెళ్ళి కుదిరిన పిల్లల్ని కనిపెట్టే కూటంలో కూర్చోబెట్టి, వాళ్ళకి తారీఖు దగ్గర పడుతుంటే, "హల్లెలూయ హల్లెలూయ అని వేగంగా అను, నాలుక వదిలెయ్యి, అదే వస్తుంది" అని నేర్పిస్తారు. తెల్లారేసరికి పిల్ల అలిసిపోయి ఏదో అంటుంది, అందరూ స్తోత్రం అంటారు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి రెండేళ్ళ తర్వాత నా దగ్గరికొచ్చి "ఆంటీ, నేను ఆ రోజు నటించాను, ఇప్పుడు ప్రార్థనకి కూర్చుంటే నాకే నేను దొంగలా అనిపిస్తున్నాను" అని ఏడ్చింది. ఆ పాపం ఎవరిది? నీకు రావాలని ఉంటే అడుగు, ఇంట్లో, తలుపేసుకుని. ఎవడి గడువుకీ అడగొద్దు.

వరాల మీద ఇలాంటి గొడవలు మన గోదావరి జిల్లాలకి కొత్తేమీ కావు. మేష్టారికి తెలిసే ఉంటుంది, జేగురుపాడు దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘంలో ఉండే దర్శనాలు, స్వస్థతలు అన్నారు, చివరికి 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ అయింది. వాళ్ళు త్రిత్వమూ వదల్లేదు, వరాలూ వదల్లేదు.

ఇక తమ్ముడూ, నీకు. సిద్ధాంతం పక్కన పెట్టి కొన్ని అడగండి. పెళ్ళయ్యాక అమ్మాయి ఏ మందిరానికి వెళ్తుంది? పుట్టింటికి వచ్చినప్పుడు మీ రొట్టె బల్ల దగ్గర కూర్చోవచ్చా? ఆమె జీతంలో దశమభాగం ఎవరు తీసి ఎక్కడిస్తారు? పిల్లలకి జ్వరమొస్తే ముందు ప్రార్థనా, ముందు ఆసుపత్రా? ఆవిడ నర్సు, ఈ చివరిది మర్చిపోకండి. అన్నిటికంటే ముందు, ఆ అబ్బాయి ఏమంటున్నాడు? నీ పోస్టు మొత్తం చదివాను, వాడు మంచివాడన్నావు తప్ప వాడి నోటి నుంచి ఒక్క మాట లేదు.

వంతెన ఇవతల:

అక్కా, మీరన్నది చదివాక నాకే సిగ్గేసింది. నిజమే, అబ్బాయిని ఎవరూ అడగలేదు.

చెల్లికి మీ జవాబు మొత్తం చూపించాను. రెండుసార్లు చదువుకుంది. తర్వాత తనే అబ్బాయికి ఫోన్ చేసింది, నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ పెట్టమంటే పెట్టలేదు గానీ తన మాటలు వినపడ్డాయి. జ్వరం ప్రశ్న అడిగింది, దశమభాగం అడిగింది (జ్వరానికి ముందు ఆసుపత్రే అన్నాడంట, వాళ్ళ అక్క పిల్లాడి విషయంలో ఇంట్లో ఒకసారి గొడవైందంట). చివర్లో "రేపు డ్యూటీకి వెళ్తూ బస్సు కింద పడి చచ్చిపోతే నేను ఎక్కడికి వెళ్తాననుకుంటున్నారు?" అంది. చాలాసేపు అవతల మాట లేదు. తర్వాత "ప్రభువు దగ్గరికే" అన్నాడంట. "మరి ఈ మాట మీ నాన్నగారి ముందు, మీ పాస్టర్ గారి ముందు అంటారా?" అంది. ఆలోచించుకుని చెప్తానన్నాడు.

మూడు రోజులైంది. ప్రధానం తారీఖు ఎలాగూ దాటిపోతుంది, హాలు వాళ్ళకి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాదు. నాన్న మాత్రం నిన్న సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తూ ఒక మాట అడిగాడు, మేష్టారి అక్కగారు ఇప్పుడు ఏ మందిరానికి వెళ్తున్నారో కనుక్కోమన్నాడు.

రాజమండ్రి మేష్టారు:

ఆవిడకిప్పుడు కళ్ళు సరిగ్గా కనపడవు బాబూ, ఏ మందిరానికీ వెళ్ళలేదు. ఆదివారం ఫోన్ చేస్తే నేనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడి వినిపిస్తాను. మీ నాన్నగారి నంబరు మెసేజ్ చేయండి, నేను మాట్లాడతాను.